పాత నేవీ శిక్షణ పడవ: ఒడ్డున వచ్చే చిక్కులు, విరుగుళ్లు

హైదరాబాద్‌కు సముద్రం లేదు కానీ హుస్సేన్‌సాగర్ ఉంది. నేవల్ ఎన్‌సీసీ పిల్లలు తెడ్డు పట్టడం ఇక్కడే నేర్చుకున్నారు. ఐదు తెడ్లతో నడిచే 27 అడుగుల వేలర్ లాంటి చెక్క పడవ రిటైరై మీ కాలేజీ షెడ్డుకు చేరిందనుకోండి. దాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టడమే మన పని. సుత్తి పట్టే ముందే ఫొటోలు తీసి, కొలతలు రాసి పెట్టుకోండి.

సమస్య: పలకల మధ్య సందులు పడి వెలుతురు కనిపిస్తోంది

కారణం: ఎండ. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక ఏళ్లకేళ్లు నీళ్లలో నానిన చెక్క ఎంత? తేమ పోయేకొద్దీ పలక వెడల్పు తగ్గిపోతుంది.

పరిష్కారం: చాలామంది వెంటనే లప్పమో, గట్టిపడే ఎపాక్సీ జిగురో తెచ్చి సందులు నింపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వేలర్‌లో ఒక పలక అంచు మీదికి ఇంకో పలక ఎక్కి ఉంటుంది, రెండింటినీ రాగి రివెట్లు పట్టి ఉంచుతాయి. వానల్లో చెక్క ఉబ్బినప్పుడు గట్టిపడిన లప్పం చోటివ్వదు. ఆ ఒత్తిడికి రివెట్ సడలుతుంది, లేదంటే పలకే చీలుతుంది. పైన ఫైబర్‌గ్లాస్ వేయించడం ఇంకా చేటు, తేమ లోపలే చిక్కి చెక్కను కుళ్లబెడుతుంది. పైన కప్పు, పడమటి ఎండకు అడ్డంగా తడిక, వేసవిలో పడవ కింద సిమెంటు నేల మీద చెక్కకు తగలకుండా తడి గోనెసంచులు వేస్తే చాలు. మృగశిర వానలు పడ్డాక సందులు కొంత వాటంతటవే దగ్గరపడతాయి. అంతవరకు ఓపిక పట్టండి.

సమస్య: అడుగున స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోతోంది

కారణం: నిలిచిన వాన నీరు. ఉప్పునీటికంటే మంచినీరే చెక్కకు ఎక్కువ హాని చేస్తుంది. చెక్కలో తేమ 20 శాతం దాటితే కుళ్లు పట్టే వీలుంటుంది.

పరిష్కారం: అడుగు బిరడా తీసే ఉంచండి. నీరు ఆ కన్నం వైపు జారేలా పడవను కాస్త వాలుగా నిలపండి. టార్పాలిన్‌ను పడవకు చుట్టేయకండి, పందిరిలా ఎత్తి కట్టండి, గాలి ఆడాలి. కుళ్లినంత మేరే తీసి, అదే జాతి చెక్కతో ఏటవాలు అతుకు వేయించండి. తీసిన ముక్క మీద తేదీ రాసి దాచండి, అదీ చరిత్రే.

సమస్య: మేకుల చుట్టూ మరకలు

ఆకుపచ్చ మరక రాగిది, కంగారు పడక్కర్లేదు. నల్లమరక ఉంటే ఎప్పుడో మరమ్మతులో ఇనుప మేకు కొట్టారేమో చూడాలి. తడిలో రాగి పక్కన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అయస్కాంతంతో వెతికి, వాటి స్థానంలో రాగివి వేయించండి.

సమస్య: పడవ కొనలు కిందికి వాలుతున్నాయి

కారణం: బరువంతా నడిమి దిమ్మ మీదే ఉండడం.

పరిష్కారం: అడుగు దూలం పొడవునా దిమ్మలు పెట్టండి. పక్క ఊతలు పడవ ఒరగకుండా ఆపడానికే, బరువు మోయడానికి కాదు. ముందు కొన నుంచి వెనుక కొనకు దారం లాగి కట్టి, వంపు ఎంతుందో ఏటా రాసుకోండి. సరిచేసేటప్పుడు దిమ్మల మీద చెక్క చీలికలు (వెడ్జ్‌లు) కొద్దికొద్దిగా బిగిస్తూ కొనలను నెలల తరబడి ఎత్తాలి. ఒక్కరోజులో జాకీ పెట్టి లేపితే రివెట్లు తెగుతాయి. దిమ్మలు మట్టినేల మీద ఉంటే చెదలు పైకి పాకుతాయి, సిమెంటు నేలే మంచిది.

సమస్య: పెయింట్ పెచ్చులు ఊడుతోంది

పాత పూతల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకకండి, తడిపి మాస్క్ పెట్టుకుని గీకండి. ఒకచోట జానెడు మేర పూతలన్నీ ముట్టుకోకుండా వదిలేయండి, ఏ రంగు మీద ఏ రంగు వేశారో తెలుస్తుంది. తెడ్లు రాసుకుని అరిగిన గాడులు క్యాడెట్ల చేతిపని, వాటిని నునుపు చేయించకండి.