బాడుగ ఇంట్లో ఉండిపోయిన సామాను తిరిగి తీసుకోవడానికి దరఖాస్తు ఎలా పెట్టాలి

అనంతపురంలో ఇల్లు బాడుగకు తీసుకుని, మూడు నాలుగు నెలలు బెంగళూరుకు పనికి పోయి వచ్చేసరికి తలుపుకు వేరే బీగం కనిపించిన కుటుంబాలు నాకు తెలిసినవే నాలుగైదు ఉన్నాయి. బాడుగ బాకీ పడిన మాట నిజమే. ఇంటాయనకు కోపం రావడంలోనూ తప్పు లేదు. కానీ లోపల పిల్లవాడి పదో తరగతి మెమో ఉంది, గ్యాస్ సిలిండర్ ఉంది, ముసలామె మందుల చీటీలు ఉన్నాయి. ఇంటి తగాదా వేరు, సామాను తగాదా వేరు. దరఖాస్తు రాసేటప్పుడు చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. అక్కడే పని ఆగిపోతుంది.

బాడుగ రాలేదని ఇంటి యజమాని తనంతట తాను సామాను పట్టిపెట్టుకునే హక్కు మన జిల్లాల్లో లేదు. బాకీ కావాలంటే కోర్టులో దావా వేసి డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, తెచ్చుకోవాలి. ఆ డిక్రీ వచ్చినా జప్తు చేయకూడని వస్తువులు కొన్ని ఉన్నాయని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. కట్టుకునే బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీది నుంచి తీయని నగలు, చేతివృత్తుల వాళ్ల పనిముట్లు ఆ జాబితాలో ఉన్నాయి. కోర్టు కూడా ముట్టుకోని వస్తువులకు బాకీ పేరు చెప్పి ఎవరు బీగం వేసినా ఒప్పుకోనక్కర్లేదు.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్నది ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: మిమ్మల్ని కోర్టు ఖాళీ చేయించిందా, ఇంటాయనే బీగం మార్చాడా?

కోర్టు ఉత్తర్వు మీద అమీనా (ఉత్తర్వును అమలు చేసే కోర్టు ఉద్యోగి) వచ్చి ఖాళీ చేయిస్తే దానికి ఈపీ నంబరు ఉంటుంది. ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే డిక్రీని అమలు చేయమని వేసే అర్జీ అన్నమాట. ఆ కాయితం ఒక కాపీ ఎలాగైనా సంపాదించండి. అమీనా వచ్చిన రోజు మీరో, మీ మనిషో దగ్గర ఉండి, ఏ వస్తువు ఎక్కడికి పోయిందో కాయితం మీద రాయించుకోవడం మంచిది. మీరు లేనప్పుడు అంతా జరిగిపోయి సామాను లోపలే ఉండిపోతే, అదే కోర్టులో అదే ఈపీ నంబరు కింద అర్జీ వేయాలి. డిక్రీ అమలులో వచ్చే తగాదాలను ఆ కోర్టే తేల్చాలని అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ 47వ సెక్షన్ చెబుతుంది. వేరే దావా వేస్తే నెలలు వృథా అవుతాయి. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగినా ఇక్కడ పెద్దగా ఉపయోగం ఉండదు. ఆ కేసుతో సంబంధం లేని మనిషిని, అంటే కేసులో పేరు లేకుండా సొంత హక్కు మీద ఆ ఇంట్లో ఉంటున్న వాళ్లను బయటికి పంపితే, వాళ్లూ అదే కోర్టుకు ఫిర్యాదు చేసుకోవచ్చు.

కోర్టు కాయితం ఏదీ లేకుండా బీగం మారితే దారి వేరు. మన ఊళ్లో ఎక్కువ జరిగేది ఇదే.

ముందు జాబితా రాయండి. దరఖాస్తుకు ప్రాణం అదే. మా వీధిలో కుట్టుపని చేసే ఒక అక్క మిషన్ ఇలాగే లోపల ఉండిపోయింది. పండగ ముందర కావడంతో జనం ఇచ్చిన రవిక గుడ్డలు కూడా లోపలే ఉన్నాయి. ఆమె మొదట రాయించిన అర్జీ నాలుగు పేజీలు. ఇంటామె అన్న మాటలు, కరెంటు తీసేసిన రోజు, నీళ్ల దగ్గర జరిగిన గొడవ అన్నీ ఉన్నాయి. లోపల ఏముందో మాత్రం లేదు. అది తీసుకుపోయినచోట ఎవరూ పూర్తిగా చదవలేదు. రెండోసారి ఇద్దరం కూర్చుని ఒక్క పేజీలో రాశాం. కుట్టు మిషన్ ఒకటి, దాని మోటారు, ఇస్త్రీ పెట్టె, ఇనుప మంచం, స్టీలు బిందెలు మూడు, ఇలా. గిరాకీల గుడ్డలను మాత్రం వేరే వరుసలో, ఎవరివో పేర్లతో రాశాం, అవి ఆమె సొత్తు కాదు కాబట్టి. ఆ పేజీ చూశాక అవతలి వాళ్లను పిలిపించారు. సామాను చేతికొచ్చింది. బాకీ వాయిదాల మీద కట్టేట్టు ఒప్పుకున్నారు.

మీ జాబితాలో కంపెనీ పేరు, రంగు, సుమారుగా ఎప్పుడు కొన్నారో రాయండి. బిల్లు ఉంటే జెరాక్స్ పెట్టండి. లేకపోతే పాత ఫోటోలు చూడండి. పుట్టినరోజు ఫోటో వెనకాల ఫ్రిజ్ కనిపించినా అది ఆధారమే. కాయితాలను, మందులను, పనిముట్లను జాబితాలో పైన పెట్టండి. ముందు అవైనా ఇప్పించమని అడగవచ్చు.

తర్వాత పోలీస్ స్టేషన్. ఫిర్యాదు రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "ఇది సివిల్ మ్యాటర్" అని పంపించేస్తే అక్కడ వాదించకండి. అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపే హక్కు మీకుంది. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వవచ్చు. మీ వస్తువులు అమ్మేశారని, వాడుకుంటున్నారని తెలిస్తే ఆ సంగతి ఫిర్యాదులో విడిగా రాయండి. అది బాకీ తగాదా దాటి నేరం కిందికి రావచ్చు.

నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. అనంతపురం జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కేసు వేయకముందే రెండు పక్షాలనూ పిలిచి మాట్లాడించి లోక్ అదాలత్‌లో రాజీ చేయించే ఏర్పాటు వీళ్ల దగ్గర ఉంది. కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం కింద కోర్టు డిక్రీకి ఉన్న విలువే ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. లాయరు కావాలంటే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఇంకా కొన్ని వర్గాల వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇస్తారు. మిగతావాళ్లకు ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండాలి. ముందు ఫోన్‌లో అడగాలంటే 15100.

అర్జీ తెలుగులోనే రాయవచ్చు. కార్యదర్శి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, అనంతపురం అని మొదలుపెట్టి, కింద ఇంతే చాలు:

"నేను ఫలానా వీధిలో ఫలానా వారి ఇంట్లో ఫలానా నెల నుంచి నెలకు ఇంత బాడుగకు ఉన్నాను. ఫలానా తేదీన కోర్టు ఉత్తర్వు లేకుండా ఇంటికి బీగం వేశారు. జతపరచిన జాబితాలోని నా సామాను లోపల ఉంది. బాడుగ బాకీ గురించి విడిగా మాట్లాడుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. నా సామాను నాకు ఇప్పించవలసిందిగా ప్రార్థన."

బాకీ మాట దాచిపెట్టకండి. అవతలివాళ్లు ఎలాగూ చెబుతారు. మీరే ముందు చెబితే మీ మాటకు బలం వస్తుంది. ఆధార్ జెరాక్స్, బాడుగ అగ్రిమెంటు ఉంటే అది, ఫోన్‌పేలో బాడుగ పంపిన స్క్రీన్‌షాట్లు, ఆ చిరునామాకు వచ్చిన గ్యాస్ బిల్లులాంటిది ఏదైనా, స్టేషన్‌లో ముద్ర వేసిన కాపీ జత చేయండి. అగ్రిమెంటు లేదని టెన్షన్ పడొద్దు. బాడుగ కట్టినట్టు తెలిసే ఆధారం ఏదైనా పనికొస్తుంది.

రాజీ కుదరకపోతే దావా. సామాను కోసమైతే అది అక్రమంగా తీసుకున్న రోజు నుంచి 3 ఏళ్ల గడువు ఉంది. ఇంట్లోకే తిరిగి పోవాలనుకుంటే మాత్రం 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోపే వేయాలి. ఈ ఆరు నెలలూ "రేపు ఇస్తాం, ఎల్లుండి ఇస్తాం" అనే మాటల్లోనే గడిచిపోతాయి. క్యాలెండర్‌లో తేదీ గుర్తు పెట్టుకోండి.

సామాను ఇస్తామన్న రోజు ఒంటరిగా పోకండి. ఇద్దరు మనుషులను, జాబితాను వెంట తీసుకుపోండి. బీగం తీసే దగ్గర నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. మీరు బిగించుకున్న ఫ్యాను, గీజరు తీసుకునేటప్పుడు గోడకు పడిన రంధ్రాలు పూడ్చి ఇవ్వండి, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. "సామాను అంతా ముట్టింది" అన్న కాయితం మీద సంతకం అడుగుతారు. ఆటోకు ఎక్కించకముందే ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుని, తగ్గినవి, పగిలినవి ఆ కాయితం మీదే రాసి, ఆ తర్వాత సంతకం చేయండి.