గుర్రపు స్వారీకి, లాయం పనికి బూట్లు ఎలా ఎంచుకోవాలి?

ఆదివారం పొద్దున్నే పిల్లల్ని గుర్రపు స్వారీ క్లాసుకు తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు ఇప్పుడు బెంగళూరులో బాగానే కనిపిస్తున్నాయి. వైట్‌ఫీల్డ్ నుంచో మారతహళ్లి నుంచో బయల్దేరి దేవనహళ్లి వైపు వెళ్తారు. కొన్నాళ్లకు అమ్మానాన్నలు కూడా గుర్రం ఎక్కేస్తారు. హెల్మెట్ సాధారణంగా స్కూలువాళ్లే ఇస్తారు. కాళ్లకు మాత్రం "బూట్లు వేసుకుని రండి" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. దాంతో ఒకరు జాగింగ్ షూస్‌తో వస్తారు, ఇంకొకరు నంది హిల్స్ ఎక్కిన ట్రెక్కింగ్ షూస్‌తో వస్తారు. రెండూ స్వారీకి పనికిరావు. ఎందుకు పనికిరావో తెలిస్తే ఏవి కొనాలో సగం తెలిసినట్టే.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. గుర్రం మీద కూర్చున్నప్పుడు బూటు చేయాల్సిన పని వేరు, లాయంలో నిలబడ్డప్పుడు చేయాల్సిన పని వేరు. పడిపోయే క్షణంలో పాదం రికాబులోంచి (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే ఇనుప కడియం) సులువుగా జారి బయటికి రావాలి. లాయంలో అయితే తడి నేల మీద పాదం అస్సలు జారకూడదు, గిట్ట పడినా వేళ్లు నలగకూడదు. ఈ రెండు పనులూ సమానంగా చేసే జత దొరకదు. వారానికి ఒక్క క్లాసుకు వెళ్లేవాళ్లు స్వారీ బూట్లే కొనుక్కుంటే చాలు. లాయంలో రోజూ పనిచేసేవాళ్లకు, సొంత గుర్రం ఉన్నవాళ్లకు రెండు జతలు కావాల్సిందే.

హీలు, సోలు చూడండి

స్వారీ నేర్చుకునేవాళ్లు పడటం మామూలే. చాలాసార్లు దుమ్ము దులుపుకుని లేస్తారు. అసలు భయపడాల్సింది పాదం రికాబులో ఇరుక్కుపోయి, బెదిరిన గుర్రం మనిషిని ఈడ్చుకుపోవడం గురించి. దాన్ని ఆపడానికే స్వారీ బూటుకు హీలు పెడతారు. సుమారు అంగుళం ఎత్తుండి, ముందు అంచు నిటారుగా ఉండే హీలు అయితే, పాదం ముందుకు జారినా రికాబు ఆ అంచుకు తగిలి ఆగిపోతుంది. జాగింగ్ షూస్‌కు ఇలాంటి హీలు ఉండదు, సోలు ముందు నుంచి వెనక దాకా ఒకటే తీరుగా సాగిపోతుంది. పైన ఉండేది మెత్తటి బట్ట కాబట్టి నొక్కితే అణిగిపోతుంది, పాదం మొత్తం రికాబులోంచి అవతలికి దూరిపోయే వీలుంది. అలాగని ఎత్తు హీలు ఫ్యాషన్ బూట్లు కొనకండి. వాటితో ఇసుక మైదానంలో నడిస్తే చీలమండ మెలిపడుతుంది.

ట్రెక్కింగ్ షూస్, ఆర్మీ బూట్ల ఇబ్బంది ఇంకోటి. వాటి సోలు మీద లోతైన గాట్లుంటాయి. బండరాయి మీద పట్టు ఇచ్చే ఆ గాట్లే రికాబు అడుగు పట్టీని కూడా పట్టుకుంటాయి. పైగా వాటి ముందు భాగం వెడల్పు, రికాబులో బిగుసుకుంటుంది. స్వారీ బూటు సోలు దాదాపు నున్నగా, పైపైన సన్నటి గీతలతో ఉండాలి. బూటు లోపలి వైపు, అంటే గుర్రాన్ని ఆనుకునే వైపు, బకిల్ గానీ లావుపాటి కుట్టు గానీ ఉండకూడదు. లేసులుంటే చివర్లు లోపలికి దోపేసుకోవాలి.

రికాబులో పెట్టి చూడండి

బూటు షాపులో ఎంత బాగున్నా, ఈ పరీక్ష చేశాకే దాన్ని నమ్మండి. ట్రైనర్‌ను అడిగితే ఒక రికాబు ఇస్తారు. కుర్చీలో కూర్చుని, బూటు తొడుక్కున్న పాదాన్ని అందులో పెట్టండి. పాదం బాగా వెడల్పుగా ఉన్నచోట రికాబుకూ బూటుకూ మధ్య ఒక్కో వైపు అర అంగుళం చొప్పున, రెండు వైపులా కలిపి అంగుళం ఖాళీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే బూటు చిక్కుకుంటుంది. మరీ ఎక్కువైతే పాదం అవతలికి దూరుతుంది. ఇప్పుడు కాలు వదులుగా పెట్టి వెనక్కి తీయండి. ఎక్కడా తట్టుకోకుండా రావాలి. మళ్లీ పెట్టి ముందుకు నెట్టండి. హీలు దగ్గర గట్టిగా ఆగాలి.

పిల్లల విషయంలో ఈ కొలత తప్పకుండా చూడండి. పెద్దవాళ్ల రికాబుల్లో పిల్లల పాదాలు సులువుగా దూరిపోతాయి. చిన్న సైజు రికాబులు పెట్టమని అడగడానికి మొహమాటపడకండి. చాలా స్కూళ్లలో పిల్లలకు ఒక పక్క ఇనుముకు బదులు రబ్బరు బ్యాండు ఉండే రికాబులు వాడతారు. పడినప్పుడు ఆ బ్యాండు ఊడిపోయి పాదాన్ని వదిలేస్తుంది. బ్యాండు గుర్రం వైపు కాకుండా బయటి వైపుకు ఉందో లేదో, పగుళ్లు పట్టిందేమో ఎక్కే ముందు మీరే చూసుకోండి. ఆ రికాబు ఉంది కదా అని మామూలు షూస్‌తో ఎక్కించడం మాత్రం సరికాదు.

పొట్టి బూటా, పొడుగు బూటా?

ఫవాద్ మీర్జా మన బెంగళూరువాడే. 2018 ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్ అనే గుర్రపు స్వారీ పోటీలో రెండు రజతాలు గెలిచి, టోక్యో ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్లాడు. అలాంటివాళ్ల కాళ్లకు మోకాలి దాకా మెరిసే పొడుగు బూట్లు చూసి, పిల్లలు మొదటి నెలలోనే అవే కావాలంటారు. ఇప్పుడే కొనకండి. ఖరీదు ఎక్కువ, పిక్క కొలత కాస్త మారినా పట్టవు, ఎదిగే పిల్లలకైతే ఏడాది కూడా రావు.

మొదటి జతగా చీలమండ పైదాకా వచ్చే పొట్టి బూట్లు తీసుకోవడమే మేలు. పక్కల ఎలాస్టిక్ ఉండి తొడుక్కునేవాటిని జోధ్‌పూర్ బూట్లంటారు. లేసులో జిప్పో ఉండేవాటిని పాడాక్ బూట్లంటారు. ఎలాస్టిక్ రకం కొంటుంటే ఆ ఎలాస్టిక్‌ను రెండు వేళ్లతో సాగదీసి వదలండి. చటుక్కున వెనక్కి రావాలి. అలలు అలలుగా ఉండిపోతే ఆ బూటు కొన్నాళ్లకే వదులైపోయి మడమ దగ్గర లేస్తుంది. ట్రాట్ (గుర్రం నెమ్మది పరుగు) మొదలుపెట్టాక రికాబు తోలు పట్టీ పిక్కను నొక్కి కమిలేలా చేస్తుంది. అప్పుడు పొట్టి బూటు మీదుగా పిక్కకు తొడుక్కునే హాఫ్ చాప్స్ కొనుక్కుంటే సరిపోతుంది. పొడుగు బూటు ఇచ్చే రక్షణలో చాలా భాగం వాటితోనే వచ్చేస్తుంది. హాఫ్ చాప్స్ మొదట్లో కాస్త బిగుతుగా ఉన్నా ఫరవాలేదు, వాడేకొద్దీ సాగుతాయి.

పోటీల దాకా వచ్చి పొడుగు బూట్లు కొనాల్సి వస్తే కొలతలు సాయంత్రం తీసుకోండి, అప్పటికి కాళ్లు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. స్వారీ ప్యాంటు, సాక్సు వేసుకుని కుర్చీలో మోకాలు మడిచి కూర్చోవాలి. పిక్క బాగా లావుగా ఉన్నచోట చుట్టుకొలత, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎత్తు కావాలి. రెండు కాళ్లకూ విడివిడిగా కొలిచి, పెద్ద కొలత ఇవ్వండి. కొత్త తోలు బూటు మోకాలి వెనక కాస్త గుచ్చుకునేంత ఎత్తుగానే ఉండాలి. వాడకంలో చీలమండ దగ్గర మడతలు పడి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది.

సైజు విషయానికొస్తే, స్వారీకి వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడాలి. మడమను కిందికి నొక్కి, వేళ్లు పైకెత్తి నిలబడండి. జీను మీద పాదం ఉండే తీరు అదే. ఆ భంగిమలో చీలమండ దగ్గర తోలు కోస్తుంటే ఆ జత వద్దు. పిల్లలకు "వచ్చే ఏడాదికి కూడా వస్తాయి" అని రెండు సైజులు పెద్దవి కొనే అలవాటు మన ఇళ్లలో ఉంది. స్కూలు షూస్‌కు చెల్లుతుందేమో గానీ, స్వారీకి చెల్లదు. లోపల పాదం కదిలే బూటు రికాబులో అదుపులో ఉండదు.

లాయం పనికి

గుర్రం బరువు దగ్గర దగ్గర 400 నుంచి 500 కిలోలు. లాడం వేసిన గిట్ట పాదం మీద పడితే మెత్తటి షూ అడ్డుకోలేదు. రోజూ పేడ ఎత్తేవాళ్లు, గుర్రాలను కడిగి తోమేవాళ్లు వేళ్ల దగ్గర ఉక్కు గానీ కాంపోజిట్ (లోహం కాని గట్టి పదార్థం) గానీ టోపీ ఉన్న సేఫ్టీ బూట్లు వాడటం మంచిది. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15298 నంబరు ఉన్నవి చూసి తీసుకోండి. ఆ ప్రమాణం ప్రకారం సేఫ్టీ బూటు ముందు టోపీ 200 జౌళ్ల దెబ్బను, 15 కిలోన్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. ఉక్కు టోపీ వంగి వేళ్లను తెగ్గోస్తుందని కొందరు భయపెడతారు. టోపీ వంగిపోయేంత బరువు పడితే మామూలు బూటులో వేళ్లు అసలే మిగలవు.

టోపీ వేళ్ల వరకే కాస్తుంది, పాదం మిగతా భాగాన్ని కాయదని గుర్తుంచుకోండి. తొక్కినప్పుడు ఏం చేయాలో కోలారు వైపు నుంచి వచ్చిన సైసు (గుర్రాలను చూసుకునే మనిషి) ఒకాయన చెప్పిన మాట అందరికీ పనికొస్తుంది: "కాలు లాక్కోవద్దు సార్, భుజంతో గుర్రాన్ని అవతలికి నెట్టండి, బరువు ఆ పక్కకు మారిస్తే అదే కాలెత్తేస్తుంది."

లాయం బూటుకు సోలు గాట్లతోనే ఉండాలి. అడుగున మేకు దిగకుండా ఆపే పొర ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. లాడాలు వేసేచోట మేకులు రాలి ఉంటాయి. గుర్రపు లద్దెలో, లాయం మట్టిలో ధనుర్వాతం తెచ్చే క్రిములుంటాయి. ఏ బూటు వేసుకున్నా టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

గుర్రాలను కడిగే పనికి హార్డ్‌వేర్ షాపులో దొరికే గమ్‌బూట్లు చాలు. వాటితో గుర్రం మాత్రం ఎక్కకండి. వదులుగా ఉంటాయి, సోలు గాట్లు లోతు, చీలమండకు ఏ ఆసరా ఉండదు. సేఫ్టీ బూట్లతోనూ ఎక్కవద్దు, ఉబ్బెత్తు ముందు భాగం రికాబులో ఇరుక్కుంటుంది. ఇక హవాయి చెప్పులతో గుర్రం దగ్గరికి వెళ్లడం గురించి చెప్పేదేముంది, వద్దు.

వానలు, బూజు, మరమ్మతు

బెంగళూరులో వానలు జూన్‌లో మొదలై అక్టోబరు దాకా ఉంటాయి. మే నెల సాయంత్రాలు కూడా నమ్మకం లేదు. తడిసిన తోలు బూట్లను ఎండలో, హీటరు దగ్గర పెడితే పగుళ్లు పడతాయి. లోపల పాత పేపర్లు ఉండచుట్టి పెట్టి, నీడలో గాలి తగిలేచోట ఆరనివ్వండి. పేపర్లు తడిస్తే మార్చాలి. మూసిన డబ్బాలో పెడితే వారానికే బూజు పడుతుంది. ఆరాక బ్రష్‌తో మట్టి దులిపి, తడిగుడ్డతో తుడిచి, శాడిల్ సోపు రుద్ది, ఆ తర్వాత తోలుకు రాసే బామ్ పట్టించండి. పిక్క లోపలి వైపు రంగు పాలిష్ వేయకండి, అది జీనుకు అంటుకుంటుంది. లాయంలో గుర్రపు మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కుట్లను కొరికేస్తుంది. స్వారీ బూట్లతో పేడ ఎత్తకూడదు అనడానికి అదో కారణం. ఎత్తక తప్పకపోతే వెంటనే నీళ్లతో తుడిచేయండి. గుర్రం ఎక్కే ముందు సోలుకు అంటుకున్న లద్దెను కూడా గీకేయాలి. నున్నటి సోలు మీద అది పడితే రికాబులో పాదం నిలవదు.

హీలు ముందు అంచు గుండ్రంగా అరిగిపోతే రికాబును ఆపే బలం పోయినట్టే. తోలు బాగుంటే జత పారేయక్కర్లేదు, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర కొత్త హీలు, సోలు వేయించుకోవచ్చు. అయితే గట్టిగా ఉంటుందని వాళ్లు గాట్లున్న మందపాటి రబ్బరు వేసేస్తారు. పలచటి నున్నటి సోలే కావాలని, పాత సోలు అంచు దాటి బయటికి రాకూడదని ముందే చెప్పండి. ఇంటికి తెచ్చుకున్నాక, గుర్రం ఎక్కే ముందు రికాబులో వెడల్పు మళ్లీ కొలిచి చూసుకోండి.