నాలుగో డ్యూన్ నవలను మధ్యలో వదిలేయకుండా చదవడం ఎలా?

ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన ఆరు డ్యూన్ సైన్స్ ఫిక్షన్ నవలల్లో చాలామంది పాఠకులు నాలుగోదాని దగ్గర చేతులెత్తేస్తారు. పేరు 'గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్', 1981లో వచ్చింది. పుస్తకంలో లోపం లేదని కాదు గానీ, సగం ఇబ్బంది మనం సిద్ధపడకుండా దిగడం వల్లే.

సినిమాలు చూసిన ఊపులో నేరుగా ఇది మొదలెట్టొద్దు. 2021, 2024 సినిమాలు రెండూ కలిపినా మొదటి నవల ఒక్కటే అయింది. మధ్యలో 'డ్యూన్ మెసయ్య' (1969), 'చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్' (1976) ఉన్నాయి. ఎప్పుడో చదివి మర్చిపోయుంటే రెండు ఘట్టాలు తిరగేస్తే చాలు: చచ్చిపోయిన డంకన్ ఐడహో 'ఘోలా'గా (చనిపోయినవాడి దేహం నుంచి మళ్లీ తయారుచేసిన మనిషిగా) తిరిగి రావడం, మొదటి నవల హీరో పాల్ కొడుకు లెటో ఇసుక పురుగుల పిల్లలైన శాండ్‌ట్రౌట్లను ఒంటికి పట్టించుకోవడం.

తర్వాత ఒక కాగితం తీసుకుని ఇవి రాసి పుస్తకంలో పెట్టుకోండి. కథ సుమారు 3500 ఏళ్లు ముందుకు దూకింది. లెటో ఇప్పుడు ఏడు మీటర్ల పొడవున్న పురుగు, ముఖం మాత్రం మనిషిది. డ్యూన్ గ్రహం మీది ఎడారి పోయి చెట్లూ నదులూ వచ్చాయి. మిగిలింది సరీర్ అనే ముక్క ఒక్కటే. ఇసుక పురుగులు లేవు కాబట్టి కొత్త స్పైస్ (ఆయువు పెంచే, గ్రహాల మధ్య ప్రయాణానికి కావాల్సిన పదార్థం) లేదు, ఉన్న నిల్వంతా లెటో గుప్పిట్లో ఉంది. అతన్ని అందరూ ఎందుకు భరిస్తున్నారో ఈ ఒక్క సంగతితో తెలిసిపోతుంది. మనుషుల్లో ముందు గుర్తుంచుకోవాల్సింది ముగ్గురిని: దివాన్ లాంటి మొనేయో, తిరగబడ్డ అతని కూతురు సియోనా, ఇక్స్ అనే గ్రహం రాయబారి హ్వీ నోరీ.

మొదట వచ్చే, దార్-ఎస్-బలాత్ అనే చోటి ప్రసంగం కథంతా అయిపోయాక ఎంతో కాలానికి జరిగేది. అర్థం కాకపోతే పైపైన చూసి వదిలేయండి, చివర్లో మళ్లీ చదవొచ్చు. అసలు కథ తోడేళ్లు తరుముతున్న సియోనా పరుగుతో మొదలవుతుంది. ఆ వేగం చూసి మోసపోవద్దు. ఆ తర్వాత ఎక్కువ భాగం మాటలే.

అధ్యాయాలకు అంకెలూ పేర్లూ ఉండవు, ఒక్కోటీ ఒక ఉల్లేఖనంతో మొదలవుతుంది. అక్కడే ఆగండి. ఒక్కసారి కూర్చుని రెండు అధ్యాయాలకు మించి చదివితే లెటో ఉపన్యాసాలన్నీ కలగాపులగమైపోతాయి. ఆ ఉల్లేఖనాలను దాటేయొద్దు, వాటిలో చాలావరకు లెటో డైరీలోవే.

సంభాషణల్లో లెటో చెప్పే సిద్ధాంతం కంటే ఎదుటివాళ్లను గమనించడం మేలు. మొనేయో భయపడ్డాడంటే లెటోలోని పురుగు పైకొస్తోందని గుర్తు. డంకన్ ఇక్కడ కూడా ఉన్నాడు, కానీ పాత మనిషి కాదు; వరసగా తెప్పించుకున్న ఘోలాల్లో తాజావాడు. మనలాగే అతనికీ ఈ లోకం కొత్త, అందుకే అతని ప్రశ్నలు మనకు పనికొస్తాయి. నీళ్ల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఎందుకో ఇప్పుడే చెబితే ముగింపు చెడిపోతుంది.

లెటో మాటలను రచయిత తీర్పుగా తీసుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. ఫిష్ స్పీకర్స్ అనే ఆడవాళ్ల సైన్యం గురించి అతను చెప్పే సూత్రాలు కొన్ని ఒళ్లు మండిస్తాయి. ఒక నియంత తనను తాను సమర్థించుకుంటున్నాడనుకుని చదివితే అవీ కథలో భాగమవుతాయి.

ముగించాక 'హెరెటిక్స్ ఆఫ్ డ్యూన్' (1984) వెంటనే తెరవండి. అది మరో 1500 ఏళ్ల తర్వాతి కథ. మనుషుల జాతి అంతరించకుండా లెటో వేసిన 'గోల్డెన్ పాత్' అనే దారి ఏ ఫలితమిచ్చిందో కనబడేది అందులోనే. ఆలస్యం చేస్తే మీరు రాసుకున్న కాగితం మళ్లీ మొదటినుంచి చదువుకోవాల్సి వస్తుంది.