అమెరికా చదువుకి బయల్దేరే ముందు: ఇమిగ్రేషన్ కౌంటర్ జాగ్రత్తలు

ఎఫ్-1 (విద్యార్థి) వీసా గుమ్మం దాకానే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది ఎయిర్‌పోర్టులో సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు తనిఖీ విభాగం) ఆఫీసరు తేలుస్తారు.

అబద్ధం చెప్పొద్దు. ఫీజు ఎవరు కడుతున్నారో, లోన్ ఎంతో ఉన్నదున్నట్టు చెప్పండి. అక్కడికక్కడే తిప్పి పంపే ఉత్తర్వు పడితే మామూలుగా 5 ఏళ్ల నిషేధం; మోసం చేశారని తేలిస్తే అది జీవితాంతం. కన్సల్టెన్సీ తయారు చేసిచ్చిన దొంగ బ్యాంకు కాగితాలకైనా జవాబు చెప్పాల్సింది మీరే. దయచేసి అలాంటివి ముట్టుకోకండి.

వెనక్కి పంపుతామంటే, ప్రవేశ అభ్యర్థనను మీరే ఉపసంహరించుకునే వీలుందా అని మర్యాదగా అడగండి. ఒప్పుకోవడం వాళ్ల ఇష్టం, కానీ ఒప్పుకుంటే ఆ 5 ఏళ్ల నిషేధం తప్పుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఫోన్ తెరిచి చూసే అధికారం వాళ్లకుంది. క్యాంపస్ బయట అనుమతి లేని పని గురించి చాట్లు కనిపిస్తే చదువుకే వచ్చారని నమ్మరు. అసలు ఆ ఆలోచనే మానుకోండి.

సంతకం చేసిన ఐ-20 (కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చేతి సంచిలోనే. కౌంటర్ దాటాకే పెద్ద లగేజీ చేతికొస్తుంది.

ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు దిగొద్దు.

ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగండి. టెన్షన్‌లో ఊహించి చెప్పిందీ రికార్డవుతుంది.

బయటికొచ్చాక ఐ-94లో (మీ ప్రవేశ రికార్డులో) ఎఫ్-1 అని పడిందో లేదో చూడండి. తప్పుంటే వెంటనే కాలేజీలోని డీఎస్‌ఓకి (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి) చెప్పండి.