కొవ్వు మూలకణాలను కొలాజెన్ స్పాంజిలో నాటడం: ల్యాబులో చేసే పద్ధతి, చెడే చోట్లు

కొవ్వులోంచి మూలకణాలు (వేరే రకం కణాలుగా మారగలిగే కణాలు) తీయడం అనుకున్నంత కష్టం కాదు. వాటిని కొలాజెన్ (చర్మంలో ఉండే ప్రొటీన్) స్పాంజిలో నిలబెట్టడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. బీర తీగకు పందిరి ఎలాగో ఈ కణాలకు స్కాఫోల్డ్, అంటే ఆ స్పాంజి ఆధారం, అలాగ. పందిరి వదులుగా కట్టి తీగను తిట్టుకుంటే లాభం లేదు. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీ ల్యాబుల్లో కణాల పెంపకం చేసేవాళ్ల కోసం ఇది. ఇలా చేసిన పొరను పుండు మీద వాడటం వేరే సంగతి, అది చివర్లో.

మొదటి నాలుగైదు సార్లు మనిషి కొవ్వు జోలికి పోకండి. నెల్లూరు గొర్రె కొవ్వుతో చెయ్యి తిప్పుకోండి. కోసిన గంటలోపు చర్మం కింది కొవ్వు తీసుకోవాలి. గొర్రె కొవ్వు చల్లబడితే గడ్డకట్టి కత్తెరకు లొంగదు కాబట్టి గోరువెచ్చని పీబీఎస్‌లో (కణాలకు సరిపడే ఉప్పు ద్రావణం) తేవాలి. ఆ పీబీఎస్‌లో యాంటీబయాటిక్ మామూలుకు రెట్టింపు వేయండి, ఫంగస్ మందు కూడా కలపండి. ఒక్క ఇబ్బంది: కణాలను గుర్తుపట్టడానికి మనిషి కణాల కోసం చేసిన యాంటీబాడీలు గొర్రె కణాలకు చాలావరకు అంటుకోవు. అందుకని కణాలను కొవ్వుగా మార్చి కొవ్వుకు పట్టే ఆయిల్ రెడ్ ఓ రంగుతో చూసుకోవడం ఒక దారి.

మనిషి కొవ్వుకైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత రాతపూర్వక అంగీకారం, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ముందే ఉండాలి. ఒంగోలు నుంచి నెల్లూరుకు రోడ్డు మీద రెండు గంటల పైనే పడుతుంది. మే నెల ఎండలో కారు డిక్కీలో పెడితే కణాలు దారిలోనే పోతాయి. కొత్త థర్మకోల్ డబ్బాలో ఐస్‌ప్యాక్ పెట్టి, సీసాకు తగలకుండా మధ్యలో గుడ్డ మడత వేయండి. రొయ్యలు సర్దినట్టు ఐసులో పూడిస్తే కొవ్వు గడ్డకట్టి కణాలు దెబ్బతింటాయి. అదే రోజు పని మొదలుపెట్టాలి.

50 మి.లీ. కొవ్వును సమానమైన పీబీఎస్‌తో రక్తం రంగు పోయేదాకా మూడు నాలుగు సార్లు కడగండి. తర్వాత 0.075 శాతం కొలాజినేజ్ టైప్ 1, అంటే 50 మి.లీ.కి 37.5 మి.గ్రా., కలిపి 37 డిగ్రీల షేకర్‌లో 45 నిమిషాలు ఉంచండి. కొలాజెన్‌ను కోసే ఈ ఎంజైము కాల్షియం లేకపోతే పనిచేయదు. పొరపాటున, కాల్షియంను పట్టేసే ఈడీటీఏ ఉన్న బఫర్ వాడితే గంటైనా కొవ్వు ముక్కలు ముక్కలుగానే ఉంటాయి. అలాగని ఇంకో గంట వదిలేస్తే కణాల పైపొర దెబ్బతింటుంది. ద్రవం చిక్కటి మజ్జిగలా అయితే చాలు, సమానంగా సీరం కలిపిన మీడియం (కణాల పోషక ద్రవం) పోసి ఆపేయండి.

తర్వాత 1200 జీ దగ్గర 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్. జీ (అడుగుకు లాగే బలం) వేరు, ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) వేరు. రోటర్ వ్యాసార్థం 10 సెం.మీ. అయితే 1200 జీకి దాదాపు 3,275 ఆర్‌పీఎం కావాలి. యంత్రంలో 1200 అని కొట్టి వదిలేస్తే అడుగున కణాలు సరిగా పేరుకోవు. పైన తేలే నూనెను, కొవ్వు కణాలను తీసేయండి. అడుగు కణాలను లీటరుకు 8.56 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంలో ఐదు నిమిషాలు ఉంచితే ఎర్ర కణాలు పగిలిపోతాయి. 100 మైక్రాన్ల జల్లెడ పట్టాకే లెక్కపెట్టండి. మిగతాది మామూలే: డీఎంఈఎం అనే మీడియం, 10 శాతం సీరం, మర్నాడు అంటుకోనివి కడిగేయడం, పళ్లెం 80 శాతం నిండగానే విడదీయడం. మూడో నాలుగో పాసేజీ (విడదీసి మళ్లీ పెంచిన విడత) కణాలు స్పాంజికి బాగుంటాయి. మనిషి కణాలైతే కణం పైన సీడీ 73, 90, 105 అనే గుర్తు ప్రొటీన్లు ఉండాలి, సీడీ 45, 31 ఉండకూడదు.

ఇక పందిరి. 0.05 మోలార్ ఎసిటిక్ యాసిడ్‌లో 0.5 శాతం కొలాజెన్ కరిగించి, అచ్చులో 2 మి.మీ. మందాన పోసి, గడ్డకట్టించి ఫ్రీజ్ డ్రై చేస్తారు (గడ్డకట్టిన నీటిని వాక్యూమ్‌లో ఆవిరిగా తీసేస్తారు). మెల్లగా గడ్డకడితే రంధ్రాలు పెద్దవి, త్వరగా కడితే చిన్నవి. చర్మానికి 20 నుంచి 125 మైక్రాన్ల రంధ్రాలు సరిపోతాయి. మన చెరువుల బొచ్చె, రోహు పొలుసుల్లోంచి తీసిన కొలాజెన్ చవకే, కానీ అది దాదాపు 36 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. ఇంక్యుబేటర్ 37. క్రాస్‌లింక్ చేయకుండా (పోగులను రసాయనంతో ఒకదానికొకటి ముడివేయకుండా) పెడితే మర్నాటికి స్పాంజి బదులు జావ కనిపిస్తుంది.

క్రాస్‌లింకింగ్‌కు 40 శాతం ఆల్కహాల్ కలిపిన ఎంఈఎస్ బఫర్, పీహెచ్ 5.5. అందులో 100 మి.లీ.కి ముడివేసే రసాయనం ఈడీసీ 0.63 గ్రాములు, దానికి తోడు ఎన్‌హెచ్‌ఎస్ 0.07 గ్రాములు వేసి నాలుగు గంటలు ఉంచి, బాగా కడగాలి. ఈడీసీ తేమ పీల్చి చచ్చిపోతుంది, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీ. సీసాను ఫ్రీజర్‌లోంచి తీయగానే మూత తిప్పకండి, గది వేడికి వచ్చాక తిప్పండి. క్రిములు చంపడానికి ఆటోక్లేవ్ (వేడి ఆవిరి యంత్రం) వద్దు, కొలాజెన్ జెలటిన్ అయిపోతుంది. 70 శాతం ఆల్కహాల్‌లో గంట ఉంచి, పీబీఎస్‌తో కడిగితే చాలు.

నాటేటప్పుడు 8 మి.మీ. స్పాంజి బిళ్లను శుభ్రమైన గాజ్ గుడ్డ (పలచటి కట్టు గుడ్డ) మీద అద్ది నీరు తీయండి. 25 మైక్రోలీటర్లలో 50 వేల కణాలను బిళ్ల నడిమధ్య వదలండి. గంట నుంచి రెండు గంటలు ఇంక్యుబేటర్‌లో కదపకుండా ఉంచి, ఆ తర్వాతే మీడియం అంచు నుంచి పోయాలి. తొందరపడి ముందే నింపితే కణాలు కొట్టుకుపోయి పళ్లెం అడుక్కి అంటుకుంటాయి. పళ్లెం గుంటలో ముందుగా అగరోజ్ (కణాలు అంటుకోని జెల్) పూత వేస్తే అది తప్పుతుంది. మర్నాడు అడుగున ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సగానికి పైగా అక్కడే ఉంటే బిళ్ల తడి ఎక్కువైందని అర్థం. మందం పెంచాలని చూడకండి: రక్తనాళాలు లేని పొరలో ఆక్సిజన్ సుమారు 200 మైక్రాన్ల లోతు దాకే సరిగా చేరుతుంది.

ఈ కణాలు ఎక్కువగా తామే చర్మంగా మారవు. వీఈజీఎఫ్, హెచ్‌జీఎఫ్ లాంటి పెరుగుదల ప్రొటీన్లు విడుదల చేసి చుట్టూ ఉన్న కణాలను, రక్తనాళాలను పురికొల్పుతాయి. అందుకే షుగర్ పుండులో కుళ్లిన మాంసం తీయకుండా, కాలి మీద బరువు తగ్గించకుండా, రక్తప్రసరణ చూడకుండా పొర పెడితే వృథా. ఎంజైముతో తీసిన కణాలను మనుషుల మీద వాడాలంటే 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనల ప్రకారం సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) అనుమతి కావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలూ అనుమతించిన ట్రయల్ బయట ఇలాంటి చికిత్సను ఒప్పుకోవు. డబ్బు తీసుకుని చేస్తామనేవాళ్లు తగిలితే సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదు జాబితా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ల్యాబులో మిగిలిన మనిషి కొవ్వు వైద్య వ్యర్థాల పసుపు సంచిలోకే వెళ్లాలి, సింకులోకి కాదు.