అమెరికా–మెక్సికో మ్యాచ్ టికెట్ తక్కువలో కావాలంటే

డల్లాస్, హ్యూస్టన్ వైపు ఉండే మనవాళ్ల కోసం ఈ మాట. అక్కడివాళ్లకు అమెరికా–మెక్సికో ఫుట్‌బాల్ అంటే మనకు ఇండియా–పాకిస్తాన్ క్రికెట్ లాంటిదే. టికెట్ రేట్లు చూస్తే గుండె గుభేలుమంటుంది.

రీసేల్‌లో, అంటే ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ అమ్మే చోట, మొదటి వారమే ఎగబడకండి. అప్పుడు అందరిలోనూ టెన్షన్ ఉంటుంది, అమ్మేవాళ్లు ఎంత చెబితే అంత. మ్యాచ్ రోజు పొద్దున్నే చూడండి. రాలేనివాళ్లు టికెట్ వృథా కాకూడదని చాలాసార్లు రేటు దించేస్తారు. నాలుగు సీట్లు పక్కపక్కనే కావాలని పట్టుబడితే మాత్రం కష్టం. రెండు ఇక్కడ, రెండు అక్కడ తీసుకుంటే బాగా తక్కువలో పడతాయి. పిల్లలుంటే ఒక్కొక్కరి పక్కన ఒక పెద్దవాళ్లు కూర్చుంటే సరి.

ఫీజులన్నీ కలిపిన మొత్తాన్నే పోల్చుకోండి, పైకి కనిపించే రేటును కాదు.

ఇంకోటి, నాకు బాగా నచ్చేది: ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాలు ఆడే నేషన్స్ లీగ్ టోర్నీ ఫైనల్. 2024 మార్చి 24న డల్లాస్ దగ్గరి ఆర్లింగ్టన్‌లో ముందు పనామా–జమైకా మూడో స్థానం మ్యాచ్, ఆ వెంటనే అమెరికా–మెక్సికో ఫైనల్. అమెరికా 2–0తో గెలిచింది. ఒకే రోజు, అదే మైదానంలో రెండు ఆటలు!

టికెట్ స్క్రీన్‌షాట్ పంపిస్తానంటే మాత్రం వద్దనండి. యాప్‌లో మీ పేరుకు ట్రాన్స్‌ఫర్ అయితేనే డబ్బులివ్వండి.