స్క్వాడ్‌లో మైక్ మీద మాట్లాడడం ఎలా?

బీజీఎంఐ అంటే ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట, అందులో నలుగురి జట్టే స్క్వాడ్. ఆటలో ఆ నలుగురూ చచ్చాక మైక్‌లో వినపడే మాట ఒకటే: "గంత కూడా తెల్వదా?" ఎట్లా తెలుస్తుంది? మీ తెర మీద ఉన్నది అవతలివాడి తెర మీద లేదాయె. "గాడున్నడు, గా చెట్టు కాడ" అంటే ఎరాంగెల్ మ్యాప్‌లో చెట్లకేం కొదువ?

ముందు దిక్కు చెప్పండి. ఎడమ, కుడి వద్దు. మొగం తిప్పితే అవీ తిరుగుతాయి. ఊళ్లో ఇల్లు చెప్పేటప్పుడు "తూర్పు దిక్కు మూడోది" అంటాం కదా, ఇక్కడా అదే పద్ధతి. తెర పైభాగాన దిక్సూచి పట్టీ ఉంటుంది. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. "నూట ఇరవైల, రాయి ఎనక" అంటే చాలు.

దీంట్లో ఒక మెలిక ఉంది. ఆ అంకె మీరు నిలబడ్డ చోటికే సరిపోతుంది. మీరిద్దరూ 10 మీటర్ల ఎడంలో ఉండి, శత్రువు 200 మీటర్ల అవతల ఉంటే మహా అయితే 3 డిగ్రీల తేడా. అదే మీ మధ్య 100 మీటర్లు, శత్రువుకూ 100 మీటర్లే అయితే 45 డిగ్రీలు తప్పొచ్చు. అప్పుడు అంకె చెప్పకుండా, జట్టులో అందరికీ కనపడేలా ఆ చోట మార్క్ వేయండి.

తర్వాత ఎవరో చెప్పండి. మన మాటలో కర్త లేకున్నా వాక్యం నడుస్తుంది, కొంప మునిగేది అక్కడే. "పడ్డడు!" ఎవరు? మనోడైతే లేపడానికి ఉరకాలి, వాళ్లోడైతే మీద పడాలి. "మనోడు పడ్డడు", "వాళ్లోడు పడ్డడు" అనడానికి పట్టేది ఇంకో అర సెకను. "పోయిండు" అన్న మాటైతే అసలే వద్దు: చచ్చిండా, పారిపోయిండా?

దిక్కు, చోటు, ఎంతమంది. అంతే, ఇక నోరు మూయాలి. అడుగుల చప్పుడు వినాల్సింది అప్పుడే. చనిపోయినవాడు ఆట నేర్పొద్దు, తనను కొట్టినవాడు ఎక్కడున్నాడో చెప్పి ఊరుకోవాలి.

ఇంట్లో ఫ్యాన్, టీవీ మోగుతుంటే మైక్ ఎప్పుడూ తెరిచి పెట్టొద్దు, మాట్లాడేటప్పుడే నొక్కండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల కంటే వైరువి నయం. బ్లూటూత్‌లో మోత ఆలస్యంగా వస్తుంది, పైగా మైక్ తెరవగానే చాలావాటిలో నాణ్యత ఫోన్ కాల్ స్థాయికి దిగిపోతుంది.

ఆట బయట కూడా ఇదే లెక్క. "క్లాక్ టవర్ కాడున్న" అంటే నల్లగొండలోనూ ఉంది, మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. బస్టాండ్‌లో ఉంటే ఏ ప్లాట్‌ఫాం, ఏ దుకాణం ముందు అన్నది కలిపి చెప్పండి.

అమ్మ అన్నానికి పిలిస్తే "వస్తున్న" అనొద్దు. ఆన్‌లైన్ ఆటను మధ్యలో ఆపలేమన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. "అమ్మా, ఇంకో పది నిమిషాలు, నడుమల ఆపరాదు" అనండి, పదో నిమిషానికి లేవండి.